బుర్రా వారు సినిమా కంపెనీకి యజమానులైన వైనం

నేను చెప్పబోయేదాంట్లో ఆవగింజంత అబద్ధం ఉన్నా నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఇప్పుడే ఊడి నీ ఒళ్ళో పడాలి. చూశావా, ఊడలేదు. కాబట్టి నమ్ము.

నేరేడులంకలో బుర్రా వారిని మించిన తెలివైనవాళ్ళు లేరు. ఆ మాట ఎవరన్నారంటావా, బుర్రా వారే అన్నారు. నేనూ ఆ ఇంటి కోడలినే కనక నేనూ అన్నాను. ఇంటిపేరులోనే బుర్ర పెట్టుకు పుట్టాం, తలలో విడిగా ఇంకోటి మోయడం దేనికని మావాళ్ళు మొదట్నుంచీ ఆ చోటు ఖాళీగానే ఉంచుకున్నారు.

ఆ తెలివితోనే ఊళ్ళో టాకీసు కట్టారు. పెద్దవాడు వీరాస్వామి గేటు దగ్గర నిలబడి టిక్కెట్లు చింపేవాడు. తమ్ముడు పోలయ్య పైన గదిలో ప్రొజెక్టరు తిప్పేవాడు, ఇంటర్వెల్‌కి గంట కొట్టేవాడు. వీరాస్వామి పెళ్ళాం మాణిక్యమ్మ కిటికీ వెనక కూర్చుని టిక్కెట్లు ఇచ్చేది. ఆ కిటికీ ఒక చెయ్యి పట్టేంత. ముప్పై ఏళ్ళు ఆవిడ ఊరి జనాన్ని చేతులు చూసే గుర్తుపట్టింది. ఎదురుగా మొహం చూపిస్తే "ఎవరు బాబూ నువ్వు, ఏదీ చెయ్యి చూపించు" అనేది.

అయితే పాపం, ఆవిడకో బెంగ ఉండేది. ముప్పై ఏళ్ళు టిక్కెట్లమ్మిన మనిషి ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా చూడలేదు. ఆట మొదలయ్యేసరికి చిల్లర సర్దుకోవాలి. అదయ్యేసరికి సోడాలు తీసి పెట్టాలి. అదీ అయ్యేసరికి రెండో ఆటకి కిటికీ తియ్యాలి. గోడ అవతల ఎవరో ఏడుస్తుంటే వినేది, ఎవరు పోయారో తెలిసేది కాదు. సన్నాయి మోగితే వినేది, ఎవరి పెళ్ళో తెలిసేది కాదు.

"ఒక్క సినిమా, ఒక్కటంటే ఒక్కటి. పేర్లు పడే దగ్గర్నుంచి శుభం దాకా చూడాలి. ఆ తర్వాత యముడొచ్చి పిలిచినా చెప్పులేసుకుని బయల్దేరతాను" అనేది.

ఇలా ఉండగా జనం టాకీసుకి రావడం మానేశారు. ఇంట్లో మంచం మీద పడుకుని, ఏ సినిమా కావాలంటే అది, ఎప్పుడు కావాలంటే అప్పుడు టీవీలో చూస్తున్నారని తేలింది. ఆఖరి ఆటకి ఒక్క మేక వచ్చింది. అది కూడా ఇంటర్వెల్‌కి లేచిపోయింది. ఇంకేముంది, టాకీసు మూతపడింది. కుర్చీలూ ప్రొజెక్టరూ పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశారు.

ఆ వచ్చిన డబ్బు మూటగట్టుకుని ముగ్గురూ తెనాలి వెళ్ళారు. అక్కడ పద్మాకరం అని షేర్లు కొనిపెట్టే మనిషి ఉన్నాడు. మంచివాడే. తప్పంతా విన్నవాళ్ళది.

"సినిమాలు తీసేవాళ్ళ జోలికి వెళ్ళకండి. ఒకటి ఆడితే పది పోతాయి. ఏది ఆడినా, ఏది పోయినా, దాన్ని ఇళ్ళకు మోసుకొచ్చేవాడికి మాత్రం కూలి వస్తుంది. సినిమాలన్నీ దాచే మిషన్ల గదులు కట్టి, అక్కణ్ణుంచి ఊరూరికీ తీగలు లాగే కంపెనీ ఒకటుంది. దాని షేర్లు కొని, మర్చిపోయి పడుకోండి" అన్నాడు పద్మాకరం.

"కొంటే మేమేమవుతాం?" అడిగాడు వీరాస్వామి.

"యజమానులవుతారు. ఒక్క షేరు కొన్నా యజమానే."

మాణిక్యమ్మ ముందుకు జరిగింది. "నాయనా, మరి యజమానురాలినైతే నేను ఒక సినిమా పూర్తిగా చూడొచ్చా?"

"ఒకటేమిటమ్మా, వంద చూడండి. మీరు అడిగితే చాలు, సినిమా మీ ఇంటికే వచ్చేస్తుంది. వెనకటి లాగా డబ్బా గిబ్బా ఏమీ ఉండదు."

అంతే. ముగ్గురూ షేర్లు కొనేసి, తలలెత్తుకుని బస్సెక్కారు. టిక్కెట్టడిగితే కండక్టరుతో "మేం కంపెనీ యజమానులం" అన్నాడు వీరాస్వామి. "సంతోషం, మూడు టిక్కెట్లు తీసుకోండి" అన్నాడు కండక్టరు.

దారిలో పోలయ్య ఆలోచనలో పడ్డాడు. అదే మా కొంప ముంచింది. పోలయ్య ఆలోచించినప్పుడల్లా మాకు ఏదో ఒకటి మునిగింది.

"వదినా, మన టాకీసుకి సినిమా ఎలా వచ్చేది?"

"బెజవాడ నుంచి బస్సు మీద, రేకు డబ్బాలో వచ్చేది కదయ్యా."

"ఇప్పుడు డబ్బా లేదన్నాడుగా ఆయన. డబ్బా లేకుండా సినిమా ఎలా వస్తుంది?"

మాణిక్యమ్మ కాసేపు కిటికీలోంచి చూసింది. "ఎలా వస్తుంది మరి, మనుషులే నడిచి రావాలి."

"అదే నేనూ అనుకుంటున్నా" అన్నాడు వీరాస్వామి. "హీరో, హీరోయిను, ఆవిడ అమ్మానాన్నా, విలను. అందరూ మనింటికే."

"విలను మనుషులో?"

"వాళ్ళూ వస్తారు. వాళ్ళు లేకపోతే ఫైటు ఎవరితో చేస్తాడు?"

"పాటలో వెనకాల గెంతేవాళ్ళు నలభై మంది ఉంటారు వదినా" అన్నాడు పోలయ్య. "గెంతి గెంతి ఉంటారు, ఆకలి మీదుంటారు."

ఇంకేముంది, ఇల్లు చేరగానే పొయ్యిలు తవ్వారు. పెళ్ళిళ్ళ గుండిగలు అద్దెకు తెచ్చారు. కంద బచ్చలి కూర, గుత్తివంకాయ, పులిహోర, బూరెలు. నూట ఇరవై ఆకులు కుట్టించారు. హీరోయినుకి నలుగు పిండి కలిపి, వేణ్ణీళ్ళు కాచి, గుడ్డ చాటు కట్టారు. విలను ఆకు మాత్రం ఎక్కడ వెయ్యాలో తేలలేదు.

"లోపల వేస్తే హీరో కొడతాడు, ఆకులు చిరుగుతాయి" అన్నాడు వీరాస్వామి.

"అలాగని ఇంటికొచ్చిన మనిషిని వాకిట్లో కూర్చోపెడతామా?" అంది మాణిక్యమ్మ. "ఎంత విలనైనా వాడికీ ఒక తల్లి ఉంటుంది. వంటింట్లో నా పక్కన వెయ్యి, గరిటె నా చేతిలోనే ఉంటుందిగా."

అన్నీ అయ్యాక వీరాస్వామి అరుగెక్కి, రోడ్డు వైపు తిరిగి, గొంతు సవరించుకుని అడిగాడు. "అయ్యా, మాకొక సినిమా కావాలి." అడిగితే చాలన్నాడు కదా పద్మాకరం. అడిగారు. కూర్చున్నారు. పది గంటలకి ఒక సైకిలు వచ్చింది, గుడ్లవాడు. పన్నెండింటికి గేదె వచ్చింది. మూడింటికి పంచాయతీ ఆఫీసు బంట్రోతు వస్తే, విలనేమోనని పోలయ్య వంగి దణ్ణం పెట్టి వంటింట్లోకి తీసుకెళ్ళాడు. వాడు ఎందుకు పిలిచారో అడక్కుండా పద్నాలుగు బూరెలు తిని వెళ్ళాడు. హీరో రాలేదు. హీరోయిను రాలేదు. వేణ్ణీళ్ళు చల్లారాయి. ఆ వంట నేరేడులంక మొత్తం తిన్నది, పక్కూరు తిన్నది, వారం రోజుల దాకా మా వీధిలో కాకులు ఎగరలేక నడిచి తిరిగాయి.

"దారిలో ఏదో అడ్డం పడుంటుంది" అంది మాణిక్యమ్మ. "దారి వేసింది మన కంపెనీయేగా. వెళ్ళి మనమే చూసుకోవాలి."

సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ తీగలు చూసే సుభానీ నిచ్చెన వేసుకుని వచ్చాడు. ఊరందరి ఇళ్ళకీ తీగలు పంచే డబ్బా పాతదైపోయింది, కొత్తది పెట్టాలి, టాకీసు గోడ ఎత్తుగా ఉంది, పెట్టుకోనిస్తారా అని అడిగాడు.

"కంపెనీయే మాదైతే గోడదేముంది, పెట్టు" అన్నాడు వీరాస్వామి. "సినిమా ఎటునుంచి వస్తుందో ముందు చెప్పు."

సుభానీ ఒక తీగ చివర చూపించాడు. తల వెంట్రుక కంటే సన్నంగా ఉంది. "ఇందులోంచే వస్తుందండీ. ఊరు ఊరంతా చూసే సినిమాలన్నీ ఇందులోంచే."

ముగ్గురూ దాని చుట్టూ చేరారు. మాణిక్యమ్మ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది.

"అయ్యో నాయనా, ఇంత సందులోంచా? అందుకే రాలేకపోయారు పాపం. పట్టుచీర కట్టుకున్న పిల్ల ఇందులోంచి దూరి వస్తే ఆ చీర నలిగిపోదూ?"

సుభానీ అందరితోనూ మర్యాదగా మాట్లాడే మనిషి. పెద్దావిడని కాదనడం ఇష్టంలేక "నలుగుతుందేమో అత్తా, నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు.

అంతే, మాణిక్యమ్మ వెళ్ళి ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసుకుని వచ్చి ఆ గోడ కింద కూర్చుంది. దిగినవాళ్ళ బట్టలు దిగినట్టే ఇస్త్రీ చేసి పంపుదామని ఆవిడ ఉద్దేశం.

వెళ్ళబోతూ సుభానీ ఒక మాట అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే ఇవాళ నాకు చెప్పడానికి కథ ఉండేది కాదు. "మామా, ఎండలు ముదురుతున్నాయి. ఈ డబ్బా వేడెక్కితే ఊళ్ళో సినిమాలన్నీ ఆగిపోతాయి. కాస్త చల్లగా ఉండేట్టు చూస్తూ ఉండండి."

యజమానులు కదా, చూడకుండా ఉంటారా? మొదటి రోజు పోలయ్య నిచ్చెనెక్కి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తాటాకు విసనకర్రతో డబ్బాకి విసిరాడు. రెండో రోజు తడిగోనె కప్పారు. మూడో రోజు గంధం అరగదీసి పట్టువేశారు. చెయ్యి పెట్టి చూస్తే డబ్బా ఇంకా వెచ్చగానే ఉంది.

"పైపైన ఎంత చేసినా లోపలి వేడి పోదు" అన్నాడు వీరాస్వామి. "మనకి వేడి చేస్తే ఏం చేస్తాం?"

"మజ్జిగ తాగుతాం."

"మరి దీనికెవరు పోశారు? మూడు రోజులైంది పాపం వచ్చి."

ఇంకేముంది, మాణిక్యమ్మ చిక్కటి పెరుగు చిలికి, నీళ్ళు కలిపి, జీలకర్ర పొడి వేసి, నిమ్మాకు నలిపి ఇచ్చింది. పోలయ్య డబ్బా మూత తీసి, రెండు చెంబుల మజ్జిగ నెమ్మదిగా, పసిబిడ్డకి పట్టినట్టు పోశాడు. డబ్బా చుయ్‌మంది.

"చూశారా, ఎంత దాహం మీదుందో" అంది మాణిక్యమ్మ.

ఆ రోజు ఆదివారం. సరిగ్గా ఫస్టు షో వేళ. ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒక సినిమా చూస్తున్నారు. ఒకచోట హీరో చెయ్యెత్తాడు, ఎత్తినచోటే ఆగిపోయాడు. ఒకచోట పెళ్ళికూతురు తల వంచింది, తాళి గాల్లో ఉండిపోయింది. ఊరి టీవీలన్నీ ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఎక్కడ ఆగిందో సుభానీ ఫోనులో చెప్పాడు. ఇంకేముంది, పదివేల మంది జనం టాకీసు మీదికి బయల్దేరారు. ఊరి జనాభా పదిహేను వందలే కదా అంటావు. కోపం మీద ఉన్న మనిషిని నేను ఏడుగురి కింద లెక్కవేస్తాను.

దూరాన్నుంచి ఆ జనాన్ని చూసి వీరాస్వామికి ఒళ్ళు పులకరించింది.

"ఏమే, హౌసుఫుల్లే. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ లేనంత జనం. కిటికీ తియ్యి."

మాణిక్యమ్మ పరిగెత్తి కిటికీ తీసింది. పోలయ్య గంట కొట్టాడు. ఇప్పుడు చెప్పేది విను, మా బుర్రా వారినే తెలివితక్కువవాళ్ళంటారు గానీ, ఊళ్ళోవాళ్ళ సంగతి చూడు. కర్రలు పట్టుకుని తిట్టడానికి వచ్చినవాళ్ళు, గంట వినపడగానే, అలవాటు చొప్పున ఆడవాళ్ళు ఒక వరస, మగవాళ్ళు ఒక వరస నిలబడిపోయారు.

కిటికీలోకి మొదటి చెయ్యి వచ్చింది.

"ఏం మనుషులమ్మా మీరు, సగంలో ఆపేస్తారా?" అంటోంది ఆ చెయ్యి.

మాణిక్యమ్మ చెయ్యి చూసి గుర్తుపట్టింది. "భ్రమరాంబ టీచరు గారా? నేల టిక్కెట్టేనండీ, కుర్చీలు అమ్మేశాం" అని చేతిలో టిక్కెట్టు పెట్టింది.

"నాకు టిక్కెట్టొద్దు, నా సినిమా కావాలి."

"సినిమా కావాలంటే టిక్కెట్టు కొనాలి కదండీ" అంది మాణిక్యమ్మ. టీచరు గారు ఆలోచిస్తే అందులో తప్పేమీ కనపడలేదు. డబ్బులిచ్చి లోపలికి నడిచింది. ఆవిడంతటావిడే కొన్నాక మిగతావాళ్ళూ కొన్నారు. వీరాస్వామి చింపాల్సినచోట చింపాడు.

అందరూ నేలమీద కూర్చుని, ఖాళీ తెర వంక చూసి, అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ తిట్టడం మొదలుపెట్టారు. ఈలోగా సుభానీ వచ్చి, మజ్జిగ పారబోసి, జీలకర్ర తుడిచి, వేరే డబ్బా బిగించాడు. "ఈసారి ఏమీ పోయకండి మామా, మీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాడు. టిక్కెట్టు కొన్నాక సినిమా చూడకుండా వెళ్ళే జనం కాదు మాది. నలుగురు వెళ్ళి టీచరు గారి పెద్ద టీవీ మోసుకొచ్చి తెర ముందు పెట్టారు. సుభానీ ఒక తీగ తగిలించాడు. ఏ సినిమా అంటే, ఊరంతా ఒక్క గొంతుతో "మాణిక్యమ్మని అడగండి, ఆవిడ ఒక్కటీ చూళ్ళేదు" అన్నారు. తిట్టే నోళ్ళే అవి. మావూరు అలాంటిది.

"ఏదైనా పర్లేదు, పేర్ల దగ్గర్నుంచి వెయ్యండి" అంది మాణిక్యమ్మ.

"చిల్లర నేను చూసుకుంటాలేవే, నువ్వు కూర్చో" అన్నాడు వీరాస్వామి. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట అదే మొదటిసారి.

మాణిక్యమ్మ ముందు వరసలో చాప వేసుకుని కూర్చుంది. పేర్లు పడ్డాయి. ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివింది. సినిమాలో ఒక పేద తల్లి, ఆవిడకో కొడుకు. ఆ తల్లి మిషను కుట్టి కొడుకుని చదివించింది. మాణిక్యమ్మ కన్ను ఆర్పలేదు. ఇంటర్వెల్ అయింది, కదల్లేదు. సోడా ఇస్తే డబ్బులిచ్చి కొనుక్కుంది, సోడాలు ఆవిడవే అయినా. రెండో సగంలో కొడుకు పట్నంలో ఉండగా తల్లికి జబ్బు చేసింది. మంచం పట్టింది. దగ్గుతోంది.

మాణిక్యమ్మ అటూ ఇటూ కదులుతుంటే టీచరు గారు చూసి, "లేవాలంటే లేవండి, నేను ఆపుతాను. ఇదివరకటిలా కాదు, ఆపితే ఆపినచోటే ఉంటుంది. మీరు ఎప్పుడొస్తే అప్పుడే మొదలవుతుంది" అంది.

"ఎన్నాళ్ళైనా?"

"ఎన్నాళ్ళైనా."

"ఏ మీటతో?"

టీచరు గారు రిమోటు చేతికిచ్చి చూపించింది. మాణిక్యమ్మ నొక్కింది. తెర మీద తల్లి దిండు మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, అలాగే ఆగిపోయింది.

"ఇంతకీ తర్వాత ఏమవుతుంది?" అని చుట్టూ చూసి అడిగింది మాణిక్యమ్మ.

ఇంతకుముందు చూసినవాడు ఒకడు ఉండనే ఉన్నాడు. "చచ్చిపోతుందక్కా. కొడుకు వచ్చేసరికి ఆలస్యమవుతుంది."

మాణిక్యమ్మ రిమోటు బొడ్లో దోపుకుంది. "అయితే నడపను."

"అదేంటమ్మా, సినిమా అవ్వద్దా?" అన్నారు జనం.

"ఈ కంపెనీ ఎవరిది? మాది. మా కంపెనీలో ఉన్న మనిషిని, నా చేతిలో ఆపే మీట ఉండగా, నా కళ్ళెదురుగా చావనిస్తానా? మీ ఇంట్లో అయితే మీరు చావనిస్తారా?"

వీరాస్వామి వెళ్ళి ఊరి డాక్టరు పరంధామాన్ని పిలుచుకొచ్చాడు. ఆయన గొట్టం టీవీకి ఆనించి, కాసేపు విని, ఫీజు జేబులో వేసుకుని, "కదలకుండా ఉన్నంతవరకూ ప్రమాదం లేదు" అన్నాడు.

అంతే. సినిమా అక్కడే ఉంది. టీచరు గారు నాలుగుసార్లొచ్చి టీవీ అడిగి, రోగిని కదపకూడదంటే విసిగి, కొత్తది కొనుక్కుంది. తెర నల్లబడితే, నిద్ర పట్టిందని పోలయ్య దుప్పటి కప్పుతాడు. పొద్దున్నే లేపి మొహం తుడుస్తాడు.

మొన్న పద్మాకరం తెనాలి నుంచి కారేసుకుని వచ్చాడు. "అమ్మా, మీ షేరు మూడింతలైంది. ఇప్పుడు అమ్మితే ఆ డబ్బుతో టాకీసు మళ్ళీ తెరవచ్చు, రోజుకో సినిమా చూడొచ్చు" అన్నాడు.

"అమ్మితే ఇంక యజమానులం కాదుగా?" అడిగింది మాణిక్యమ్మ.

"కారు."

"కొనుక్కున్నవాడు మీట నొక్కేస్తే?"

పద్మాకరం ఇరవై ఏళ్ళుగా ఆ పనిలో ఉన్నాడు. ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదట. టీ తాగి వెళ్ళిపోయాడు.

"మరి నీ సినిమా సంగతేమిటే? శుభం దాకా చూడాలన్నావుగా" అన్నాడు వీరాస్వామి, కారు వెళ్ళాక.

"సగం పైగా చూశానుగా. మిగతాది ఆవిడ లేచాక, ఇద్దరం కలిసి చూస్తాం" అంది మాణిక్యమ్మ.

సరే, కబుర్లు చాలు గానీ, లే. పొయ్యి పక్కన రాగిజావ మూత పెట్టి ఉంచాను. అది పట్టుకెళ్ళి టాకీసులో ఆ టీవీ ముందు పెట్టి రా, పొద్దున్నుంచి ఆ తల్లి కడుపులో ఏమీ పడలేదట. ఉప్పు తక్కువే వేశాను. వేడిగా ఉంది, ఊదుకుని తాగమని చెప్పు.